పియానో మాట వినే పటాలం

ముందు జరిగింది వెనకా, వెనక జరిగింది ముందూ చెబితే కాస్త సర్దుకోండి. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన ఆరేడేళ్ళకి, బొహేమియాలోని మా చిన్న ఊళ్ళో, హెర్మీన రోజూ సాయంత్రం ఇంత రొట్టె, సూపు తిని, చేతులు తుడుచుకుని, మాటల్లేని బొమ్మలకి పాట వాయించడానికి సినిమా హాల్లో పియానో ముందు కూర్చునేది. హాలు బోహుష్‌ది. యుద్ధంలో కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్ళకి ప్రభుత్వం సినిమా లైసెన్సు ఇచ్చేది. పోయిన కాలికి బదులుగా అతనికి దక్కింది ఆ హాలే.

అప్పుడు ఆడుతున్నది సైన్యాన్ని ఆటపట్టించే మూకీ బొమ్మ. బానపొట్ట కల్నల్ ఒకడు కత్తి దూసి ఆజ్ఞలిస్తుంటాడు. పటాలం చెరువులోకీ, క్యాబేజీ తోటలోకీ కవాతు చేస్తుంటుంది. అయితే ఆ సిపాయిలు కల్నల్ మాట కంటే హెర్మీన పియానోనే ఎక్కువ వినేవాళ్ళు. ఆమె వేగం పెంచితే పరుగెత్తేవాళ్ళు. ముక్కు చీదుకోడానికి ఆగితే, లేపిన కాలు లేపినట్టే ఉంచి నిలబడేవాళ్ళు. పాపం వాళ్ళ కాళ్ళు పీకుతాయి, తొందరగా కానివ్వమని ముందు వరసవాళ్ళు విసుక్కునేవాళ్ళు.

సంగతి ఊరి దండు కెప్టెన్ ద్రాబెక్ చెవిన పడింది. శుక్రవారం తనే వచ్చి చూస్తాననీ, సైన్యం నవ్వులపాలైతే లైసెన్సు పీకించేస్తాననీ కబురు పంపాడు.

బోహుష్ చంకకర్రల మీద పియానో దగ్గరికొచ్చాడు. "హెర్మీనమ్మా, ఈ ఒక్కరోజూ గంభీరంగా వాయించు. ఆ సిపాయిలు బుద్ధిగా నడిస్తే కెప్టెన్ మురిసిపోతాడు. నన్ను మళ్ళీ సంతలో బొత్తాలమ్ముకునేలా చెయ్యకు."

"ఆ బుద్ధేదో నా చేతులకి చెప్పు. అవి నా మాట ఎప్పుడు విన్నాయి గనక?"

కెప్టెన్ వచ్చి కూర్చున్నాక ఆమె గంభీరంగానే మొదలుపెట్టింది. పటాలం చెరువుని చుట్టుకుని తిన్నగా నడిచింది. ఒక్కరూ నవ్వలేదు. కెప్టెన్ గడ్డం గర్వంగా పైకి లేచింది. కానీ భయానికి హెర్మీన వేళ్ళు చెమర్చి, పట్టు తప్పి, తమకి బాగా అలవాటైన పాటలోకి జారిపోయాయి. సారాయంగడిలో శనివారం నాట్యం ముగిశాక వాయించే పాట అది. అది వినపడ్డాక ఎంత తాగినవాడైనా కోటు తొడుక్కుని ఇంటిదారి పట్టాల్సిందే.

సిపాయిలు ఆగారు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తుపాకులు కంచెకి ఆనించి, మెడ దగ్గర గుండీలు విప్పుకుని, భుజాల మీద చేతులేసుకుని తెర అంచు దాటి వెళ్ళిపోయారు. కల్నల్ ఒక్కడే మిగిలి క్యాబేజీలకి ఆజ్ఞలిస్తున్నాడు. హాలంతా పడీపడీ నవ్వింది. బోహుష్ గోడకి జారగిలబడ్డాడు.

దీపాలు వెలిగాక కెప్టెన్ తిన్నగా పియానో దగ్గరికొచ్చాడు. అదేం పాట అని అడిగాడు. అందరినీ ఇంటికి పంపే పాట అని ఆమె గొణిగింది.

ఆయన టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "యుద్ధంలో నా కంపెనీ సిపాయిలకి ఈ పాట ఎవరూ వాయించలేదమ్మా" అన్నాడు. "వీళ్ళనిక వెనక్కి పిలవకండి."

లైసెన్సు ఊసు మళ్ళీ రాలేదు. చివరిదాకా హాలు బోహుష్‌దే. కెప్టెన్ పేరు ద్రాబెకో, ద్రాషెకో. ఇది సాపు రాస్తున్న హనా, మా చెల్లెలి మనవరాలివి, ఆమె చెప్పినవి నీకు గుర్తుంటాయి, ఈ పేర్లు ఒకసారి సరిచూడమ్మా.