మీటరు చదివే పిల్ల

రేడియోతో ఎగరేసే చిన్న విమానాల క్లబ్బు అది. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఎంత మొనగాడైనా సరే, మోటారుకి ప్రొపెల్లర్ మార్చినా బ్యాటరీ మార్చినా విమానాన్ని ముందు బల్ల మీదికెక్కించాలి. సొంతదారు పూర్తి వేగం ఇస్తే, తోక పట్టుకున్నవాళ్ళు మీటరు చూసి, మోటారు ఎంత కరెంటు లాగుతోందో అందరికీ వినబడేలా అరవాలి. మోటారు తట్టుకోగలిగినదాన్ని అంకె దాటితే ఆ పూటకి ఎగరడం లేదు, బతిమాలడాలు లేవు.

ఈ కట్టుబాటు పెట్టింది వెండెల్ స్ట్రౌటే. కాన్సస్‌లో ఆ చుట్టుపక్కల ఎవరు మోటారు కొన్నా, దానికి ఏ ప్రొపెల్లర్ నప్పుతుందో అతన్నే అడిగేవాళ్ళు. “చిన్న మోటారుకి పెద్ద ప్రొపెల్లర్ బిగించడమంటే పసివాడి నెత్తిన గోధుమ బస్తా పెట్టడమే. పాపం, మోద్దామనే చూస్తాడు. కాసేపటికి కూలబడతాడు,” అనేవాడు.

అంకె అరిచే పని అతని కూతురు నోరీన్‌ది. ఫ్రాకులేసుకునే వయసు నుంచీ ఆమెదే. ఒకసారి పోటీల రోజున తండ్రి విమానానికే ఎక్కువ అంకె వచ్చింది. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే ఉన్నదున్నట్టు అరిచింది. పోటీ పోయింది. వెండెల్ మాత్రం పిల్లని భుజాలమీదికెత్తుకుని మైదానమంతా తిరిగాడు. “చూశారా, నా కూతురు నాకోసం కూడా అబద్ధమాడదు!” అని కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు.

ఇప్పుడు ఆ పిల్ల జుట్టు నెరిసింది. తండ్రికి మతిమరుపు జబ్బు వచ్చింది. పొయ్యి కట్టెయ్యడం మరిచాడు, పక్కింటివాళ్ళ పేర్లు మరిచాడు, ఒక్కోరోజు పొద్దున్నే నోరీన్‌ని చూసి మర్యాదగా నవ్వి ఊరుకుంటాడు. మైదానానికొస్తే మాత్రం మనిషి మనిషవుతాడు. విమానాన్ని నడిపే రేడియో చేతిలో పెడితే ఆ వేళ్ళు ఏదీ మరిచిపోలేదు. అందుకే వారమంతా స్కూలు బస్సు తోలి ఒళ్ళు హూనమైనా, శనివారం ఆమె తండ్రిని తీసుకురావడం మానలేదు.

ఆ శనివారం షెడ్డులో చిల్లీ, అదే మాంసమూ చిక్కుడు గింజలూ వేసిన కారం కూర, ఉడుకుతోంది. పక్కనే దాంట్లోకి దాల్చినచెక్క రొట్టెలు. క్లబ్బు పెద్ద గస్ పెలికన్ నోరీన్‌ని కారు చాటుకి పిలిచాడు.

“చూడమ్మా, వేసవిలో మీ నాన్న రెండుసార్లు తప్పు ప్రొపెల్లర్ బిగించాడు. ఇవాళ కూడా అంకె దాటితే రేడియో తీసేసుకోమన్నారు అందరూ. ఇక ఎప్పటికీ ఇవ్వొద్దన్నారు.”

“అది తీసేస్తే ఆయనకింకేం మిగుల్తుంది గస్ బాబాయ్?”

“నాకు మాత్రం సరదానా?” అని గస్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

బల్ల మీదున్నది పసుపు రెక్కల విమానం. ఆ రెక్కల మీది పల్చటి ప్లాస్టిక్ ఫిల్ముని నోరీన్ తల్లి ఇర్మా తన ఇస్త్రీపెట్టెతోనే, ఒక్క ముడత లేకుండా అతికించింది. ఆ చలికాలమే ఆమె పోయింది. విమానం పాత బ్యాటరీ ఉబ్బిపోతే నోరీన్ కొత్తది కొంది. పాతది మూడు సెల్లులది, ఇది నాలుగు. బలం పెరిగింది కాబట్టి ప్రొపెల్లర్ తగ్గించాలి. దారి పొడుగునా తండ్రికి ఆ మాటే చెప్పింది. అతను తలూపాడు. తీరా పెట్టె తెరిచి, చెయ్యి అలవాటుగా పోయిన చోటికే పోయి, పాత పద్నాలుగంగుళాలదే తీసి బిగించాడు.

“నాన్నా, పన్నెండంగుళాలది పెడదామా?”

“విన్నారా! ఇది నాకు నేర్పుతుందట!” వెండెల్ పకపకా నవ్వాడు. అందరూ నవ్వారు. గస్ నవ్వలేదు.

ఆమె తోక పట్టుకుంది. తండ్రి పూర్తి వేగం ఇచ్చాడు. మోటారు పాడాల్సింది పోయి మూలిగింది. అది తట్టుకోగలిగేది యాభై ఆంపియర్లే. మీటరు అరవై ఎనిమిది చూపించింది.

“ఎంత తల్లీ?”

అతని కళ్ళు మెరుస్తున్నాయి. గాల్లోకి లేస్తే మోటారు మీద బరువు కొంత తగ్గుతుంది, సగం వేగం దాటకపోతే గట్టెక్కుతుంది అని నోరీన్ మనసు లెక్కలు కట్టేసింది. ఇరుక్కుపోయినవాళ్ళు కట్టే లెక్కలే అవి.

“నలభై ఆరు!” అని అరిచింది.

గస్ ఆమె వంక చూశాడు. ఆ మూలుగు అతని చెవినా పడింది. అయినా చిల్లీ గిన్నె వైపు తిరిగిపోయాడు.

“సగం వేగమే ఇవ్వు నాన్నా, నామీద ఒట్టు,” అంది నోరీన్ నెమ్మదిగా. వెండెల్ అంతకు మించి ఇవ్వనన్నాడు. పసుపు విమానం ఎంత ముచ్చటగా లేచిందని! అందరి ముందునుంచీ రెక్క వాల్చి దణ్ణం పెడుతున్నట్టు వెళ్ళింది. వెండెల్ వీపు నిటారైంది. ఇర్మా బతికున్న నాటి మనిషిలా ఉన్నాడు. 

ఒట్టు మాట అతనికి ఎంతసేపు గుర్తుంటుంది? పల్టీ కొట్టించాలనిపించి పూర్తి వేగం ఇచ్చాడు. ముక్కు దగ్గర సన్నగా పొగ లేచింది. మోటారుతోపాటు లోపల బ్యాటరీ కరెంటు పంచే పెట్టె కూడా కాలింది, ఇక రేడియో మాట వినే దిక్కు లేదు. అతను మీటలు అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. విమానం తిన్నగా వెళ్ళి జొన్నచేలో పడింది.

తండ్రీ కూతుళ్ళే చేలోకి వెళ్ళారు. మిగతావాళ్ళు రాకుండా గస్ ఆపేశాడు. రెక్క రెండు ముక్కలైంది. చిరిగిన పసుపు ఫిల్ము జొన్నకంకులకి చిక్కుకుని ఊగుతోంది. అమ్మ చేతి పని ఒకటే మిగిలితే దాన్నీ తగలబెట్టానని నోరీన్ వెక్కివెక్కి ఏడ్చింది.

వెండెల్ మోకాళ్ళ మీద కూర్చుని మోటారు వాసన చూశాడు. బ్యాటరీ తిప్పి చూశాడు, విరిగిన ప్రొపెల్లర్ ముక్కని వేళ్ళతో కొలిచాడు. తరవాత తలెత్తి, ఏడుస్తున్న కూతుర్ని జాలిగా, కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

“ఊరుకోండమ్మా. కొత్తగా చేరారా? ఇది మీదేనా?”

నోరీన్ తలూపింది.

“నాలుగు సెల్లులకి పద్నాలుగంగుళాలది పెడతారా ఎవరైనా? పన్నెండుది పెట్టాలి. బల్ల మీద అరవై దాటేసుంటుందే! ఎవరూ చెప్పలేదా మీకు?”

“లేదండీ.”

“తోక పట్టుకున్నవాళ్ళు మొహమాటపడుంటారు. అలాంటివాళ్ళని నమ్ముకోకూడదు.” లేవడానికి ఆమె చెయ్యి ఆసరా తీసుకున్నాడు. ఆ చేతిని మెల్లగా తట్టాడు. “నాకో కూతురుంది. ప్రాణం పోయినా మీటరు దగ్గర అబద్ధం చెప్పదు. వచ్చేవారం మీకు సాయంగా పంపిస్తాను.”

“పంపండి,” అంది నోరీన్.