పీఠికమ్మ చివరి అధ్యాయం

పీఠికమ్మ హాజరుపట్టీలో సంతకం పెట్టి, కలం మూత బిగించి, మూడో వరుసలో గోడవైపు కుర్చీ లాక్కుని కూర్చుంది. పౌరశాస్త్రం టీచర్ల శిక్షణ తరగతులకు అయిదో రోజు, ఆఖరి రోజు. వెనక వరుసవాళ్లు సాయంత్రం సంతకం కూడా పొద్దున్నే గిలికేసి ఫోన్లలో తలలు దూర్చారు.

పీఠికమ్మ అన్న పేరు బడిపిల్లలు పెట్టింది. ఇరవై ఏడేళ్లుగా ఆమె పాఠం రాజ్యాంగ పీఠిక దాటి నాలుగడుగులు వేసిన పాపాన పోలేదు. పరీక్షలు ఇంకా కనుచూపు మేరలోకి రాకముందే హెడ్మాస్టరు గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవాడు.

"మేడం, మీ పీరియడ్ లెక్కల సారుకిచ్చేయండి. మీదేముంది, పిల్లలే చదువుకుంటారు."

ఆమె ఇచ్చేసేది. హక్కుల గురించి చెప్పే మనిషికి తన పీరియడ్ తనదని చెప్పడానికి నోరు పెగిలేది కాదు. అందుకు ఆమెను ఎవరూ తిట్టలేదు. ఆమే తిట్టుకునేది. ఏ శిక్షణ వచ్చినా బడి నుంచి ఆమెనే పంపేవారు. లేకపోయినా లోటు తెలియని మనిషి కదా!

ఈసారి మాత్రం ఒక ఆశ పెట్టారు. ఆఖరి రోజు మధ్యాహ్నం ఇరవై నిమిషాలు నమూనా పాఠం చెప్పమన్నారు. ఆమె పుస్తకంలో చివరి అధ్యాయం ఎంచుకుంది. అన్యాయం జరిగితే మామూలు మనిషి కోర్టు గడప ఎలా ఎక్కాలన్నది ఆ పాఠం. ఒక్క ఏడాదీ అంతదాకా వెళ్లలేదు. ఇంకో రెండు నెలల్లో పదవీ విరమణ. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పేది లేదు.

పొద్దున చెల్లెలు వీధి గుమ్మందాకా వచ్చి పోట్లాడింది.

"రెండ్రోజుల్నించీ ఎడం చెయ్యి లాగుతోందంటున్నావు. డాక్టరు దగ్గరికి పోదాం పద అక్కా. నువ్వు పాఠం చెప్పకపోతే ఎవరి కొంప మునుగుతుంది?"

"ఇవాళొక్కరోజు ఆగవే. రేపు నువ్వెక్కడికంటే అక్కడికొస్తా."

భోజనాలయ్యాక శిక్షకుడు ఆమెను పిలవబోతుంటే పై అధికారి దిగాడు. రెండు ముక్కలు చెబుతానని మైకు అందుకుని వదల్లేదు. ప్రజాస్వామ్యంలో ప్రతి గొంతూ వినబడాలన్నాడు. పీఠికమ్మ ఒళ్లో కాగితాలు పెట్టుకుని గోడ గడియారం చూస్తూ కూర్చుంది. ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఇరవై నిమిషాలు పదయ్యాయి, పది అయిదయ్యాయి. మనసులోనే పాఠాన్ని కత్తిరించుకుంటూ వచ్చింది. ముందు ఒక ఉదాహరణ తీసేసింది, తర్వాత పిల్లల్ని అడగాల్సిన ప్రశ్న తీసేసింది.

శిక్షకుడు వంగి చెవిలో అన్నాడు. "టైము లేదు మేడం. ఆ కాగితాలిలా ఇవ్వండి, రిపోర్టులో కలిపేస్తాం."

"ఇవ్వను. ఇది నా పీరియడ్ సార్."

తన నోట వచ్చిన ఆ మాటకు ఆమే బిత్తరపోయింది. శిక్షకుడు నవ్వాడు. "సరే, సారు ముగించనివ్వండి, చూద్దాం."

ఆమె ఎదురుచూసింది. గోడకు తల ఆనించి, చివరికి మిగిలిన ఒక్క వాక్యాన్ని పెదవులతో అనుకుంటూ ఎదురుచూసింది. కాసేపటికి పెదవులు ఆగిపోయాయి. మధ్యాహ్నం పూట అక్కడ సగం మంది అలాగే కూర్చుంటారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అధికారి ముగించాడు. చప్పట్లయ్యాయి. బస్సుకు వేళవుతోందని అందరూ లేచాక, పక్క కుర్చీ టీచరమ్మ ఆమె భుజం తట్టింది. ఒళ్లు చల్లగా తగిలింది.

అంబులెన్సు వచ్చి వెళ్లింది. ఎవరో చెల్లెలికి ఫోన్ చేశారు. అంతా వెళ్లిపోయాక బల్ల మీద పీఠికమ్మ ప్రశంసాపత్రం ఒక్కటే మిగిలింది, నమూనా పాఠాన్ని జయప్రదంగా బోధించినందుకు అని నిన్ననే అచ్చయిన పత్రం.