జంటపాటల మాస్టారు

మాస్టారు కీబోర్డు మీది దుమ్ము తుడిచి, ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే విరుచుకున్నారు. పాటలు కాపీ కొట్టారన్న కేసులన్నిటినీ ఇంటర్నెట్‌లో ఒకచోట చేర్చే ఆ చిన్న ఆఫీసులో ఆయన పని వాయించడం. అసలు పాట ఒకసారి, కాపీ అన్న పాట ఒకసారి. రెండూ ఒకే శ్రుతిలో, ఒకే వేగంతో, మెలికలు లేకుండా. సైట్‌లో ప్రతి కోర్టు తీర్పు పక్కనా రెండు మీటలుంటాయి. నొక్కి విన్నవాళ్లు తేడా ఏదో వాళ్లే తేల్చుకుంటారు. అందుకే ఆయన జంటపాటల మాస్టారయ్యారు. సొంతపాట ఒక్కటీ లేని మనిషికి ఆ పేరే ఎక్కువని ఆయనే నవ్వేవారు.

"ఇవాళ మీ అన్నయ్యగారి కేసు సైట్‌లో పెట్టేద్దామా మాస్టారూ? ఎన్నిసార్లు వెనక్కి నెట్టారో," అంది ఎడిటరమ్మాయి.

నెట్టక ఏం చేస్తారు? అన్నయ్య కట్టిన పాటల్లో జనం పాడుకున్నది అదొక్కటే. కోర్టు దాన్ని దొంగపాట అంది. ఆ రోజే అన్నయ్య, తిత్తి లాగుతూ వాయించే తన అకార్డియన్‌ని పెట్టెలో పెట్టి అటకెక్కించాడు. గుండెజబ్బుతో మంచం పట్టాక, "నువ్వు వాయించి పెట్టరా, నలుగురూ వింటే నిజం తెలుస్తుంది" అని రోజూ అదే పాట. వింటే ఏం తెలుస్తుందో మాస్టారికి మొదటినుంచీ భయమే.

అసలు పాట సాఫీగా వాయించారు. రెండోది వాయిస్తుంటే వేళ్లు పల్లవిలో చిన్న మెలిక తిప్పాయి, వేగమూ కాస్త పెరిగింది. వింటే వేరే పాటే. ఎడిటరమ్మాయి దాన్నే పెట్టెయ్యబోయింది. మాస్టారు కీబోర్డు మీంచి చేతులు తీసేశారు. ఊరందరి పాటలకూ ఒక కొలత, ఇంట్లో పాటకు ఇంకో కొలతా?

"అది తీసెయ్యమ్మా. మళ్లీ వాయిస్తాను," అన్నారు.

మధ్యాహ్నం అన్నయ్యకు లింకు పంపి, చాలాసేపు తటపటాయించి ఫోన్ చేశారు.

"విన్నానురా. రెండూ ఒకటే," అన్నాడు అన్నయ్య.

మాస్టారు ఫోన్ రెండో చెవికి మార్చుకున్నారు.

"ఎప్పుడో చెవిన పడుంటుంది. నాదే అనుకున్నా. కోర్టు చెప్తే కక్షగట్టారనుకున్నా. నువ్వు వాయించావు కాబట్టి నమ్ముతున్నా." మళ్లీ తనే, "చరణం చివర కిందికి దిగే ముక్క ఉంది చూడు, అది వాళ్ల పాటలో లేదు. అది మాత్రం నాదేరా," అన్నాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వదిన గుమ్మంలో కూర్చుని ఉంది.

"నీ ఫోనయ్యాక పక్కింటాయన్ని పిలిచి ఆ పెట్టె దింపించారు. దిండ్లకు ఆనుకుని, ఏదో చిన్న ముక్క, అదే మళ్లీ మళ్లీ వాయించుకున్నారు. కాస్త కునుకు తీస్తానన్నారు. మళ్లీ లేవలేదు," అంది.

మాస్టారు వెక్కివెక్కి ఏడ్చారు. ఆ ఏడుపులో, అన్నయ్య మళ్లీ వాయించాడన్న ఊరట కూడా కొంత ఉంది. మంచం పక్కన కుర్చీలో అకార్డియన్ ఉంది. దాని తిత్తికి పట్టీ వెయ్యలేదు, సగం గాలితో తెరుచుకునే ఉంది.