క్యాసెట్ రెండో వైపు

నేను ఒక టూ ఇన్ వన్‌ను. రేడియో, టేప్ రికార్డరూ ఒకే ఒంట్లో ఇమిడిన దాన్ని. ఈ కాలం పిల్లలు నన్ను చూసి ఇదేం డబ్బా అని అడుగుతారు. అడగనివ్వండి. డబ్బాలో ఏముందో తెలిస్తే అంత దగ్గరికి రారు.

ఏ ఊరి ఫ్యాక్టరీలో పుట్టానో నాకు తెలియదు. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఒక అమ్మాయి నా లోపల చక్రాలు బిగించి, "హలో, హలో" అని రెండుసార్లు పలికి, అదే నాచేత తిరిగి పలికించింది. ఆ రోజే నా బతుకు ఏమిటో తెలిసిపోయింది. ఎవరేం చెప్పినా దాచుకోవాలి, ఎవరు మీట నొక్కినా కక్కేయాలి. నోట్లో నువ్వుగింజ నానదు అంటారే, అది నా గురించే.

రేడియో పాఠాల కోసం సర్కారు నన్ను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు పంపింది. పంతుళ్లు నా వీపున ఎర్ర పెయింటుతో బడి పేరు రాసి, వాడితే పాడైపోతానని నాలుగేళ్లు బీరువాలో పెట్టి తాళం వేశారు. మనుషుల జాగ్రత్త అలాగే ఉంటుంది. నా లోపలి రబ్బరు బెల్టు మాత్రం వాడకుండానే సాగిపోయింది.

నన్ను బయటికి తీసింది పుష్పలీల మేడం. ఆ ఏడు బడిలో ఇంగ్లీషు మీడియం పెట్టారు. పిల్లల్లో సగంమంది పక్క తండా నుంచి వచ్చేవారు. ఇంట్లో లంబాడీ మాట, బజారులో తెలుగు, ఇప్పుడు నెత్తిన ఇంగ్లీషు. పాఠం చదవమంటే గోడకు అతుక్కుపోయేవారు. తోటి పంతుళ్లు "వీళ్లకు రాదు" అని తేల్చేశారు. ఈమె తేల్చలేదు. సైన్సు గది వెనక చిన్న కొట్టులో నన్ను బల్ల మీద పెట్టి, పిల్లలను ఒక్కొక్కరినే లోపలికి పంపేది.

"ముందుగాల మీ ఇంట్ల ఎట్ల మాట్లాడుతరో గట్లనే చెప్పుండ్రి. తర్వాత తెలుగుల. ఆఖరికి ఇంగ్లీషుల. అదే మాట మూడుసార్లు. తప్పు వోయినా ఏంగాదు."

మంచి పద్ధతి. మనిషి ఎదుట విప్పని నోరు నా ఎదుట విప్పారు. నాకు ముఖం లేదు కదా, నవ్వుతానన్న భయం లేదు. నెల తిరిగేసరికి వాళ్లు తరగతిలో కూడా చేతులెత్తడం మొదలుపెట్టారు. హంసి ఒక్కతే ఎత్తలేదు.

హంసిది ఎనిమిదో తరగతి. బడిలో మధ్యాహ్న భోజనం వండే ద్వాళి కూతురు. తెలుగు పుస్తకం గడగడా చదివేది. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే మాత్రం దవడలు బిగుసుకుపోయేవి. ఆమె చెల్లెలు జమ్కి, ఏడేళ్ల పిల్ల, ఆర్నెల్ల క్రితం గ్రానైటు తవ్వి వదిలేసిన గుంతలో పడి చనిపోయింది. ఆ దిగులేమో అనుకుంది మేడం.

"ఎవలన్న ఇంటరా మేడం?" అని అడిగింది హంసి, కొట్టు గుమ్మంలో నిలబడి.

"ఎవ్వలు ఇనరు. నేనిన్నా నాకు మీ మాట రాదు గదా."

ఆ పిల్ల తలుపు దగ్గరగా వేసి, ఎర్ర మీట నొక్కి, చాలాసేపు ఊరకే కూర్చుంది. ఆ మౌనం కూడా నా టేపు మీద ఉంది. పాఠం పేరు 'నా ఇల్లు'. తర్వాత తన మాటలో మొదలుపెట్టింది. భాషలు నాకు అడ్డం కావు, అన్నీ ఒకే టేపు మీదికి వచ్చేవే. తెలుగులో అయితే ఇలా ఉంటుంది.

"అమ్మ మేకపిల్లను తోలుకరమ్మన్నది నన్ను. తెల్లారితే పరీక్ష. ఇంగ్లీషు పేజీ బట్టీ పడుతున్న. జమ్కీ, నువ్వు పోవే అన్న. పోనన్నది. జడ వట్టి గుంజిన. ఏడ్చుకుంట పోయింది. మేకపిల్ల దానంతటదే ఇంటికొచ్చింది. జమ్కి తనే పోయిందని అమ్మకు చెప్పిన. ఆ పేజీ నాకింకా యాదికున్నది."

అక్కడ ముక్కు తుడుచుకుంది. తెలుగులో "మా ఇంట్లో ముగ్గురం" అంది. ఇంగ్లీషులో "వి ఆర్ త్రీ ఇన్ అవర్ హౌస్" అంది. చచ్చిపోయిన పిల్లను కూడా కలిపి లెక్కపెట్టింది.

మేడం తర్వాత వచ్చి చివరి రెండు ముక్కలే విన్నది. హంసి నోట ఇంగ్లీషు విని ఎగిరి గంతేసినంత పని చేసింది. మొదటి ముక్క అంత పొడవెందుకని ఆమెకు తోచలేదు. మూడుసార్లూ అదే మాటని తానే చెప్పింది కదా, పిల్లలూ అలాగే చేస్తారనుకుంది. పంతుళ్లకు తాము చెప్పిన దాని మీద ఉండే నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు.

పది రోజులకు పెద్ద ఆఫీసు నుంచి తనిఖీ సారు వచ్చాడు. భోజనాల ముందు పిల్లలంతా వరసల్లో నిలబడ్డారు. పద్ధతి చూపించమంటే మేడం హంసి క్యాసెట్టే పెట్టింది. పాపం, వినిపించాలనుకున్నది ఇంగ్లీషు ముక్క ఒక్కటే. వేలితో నొక్కుతూ టేపు ముందుకు జరుపుతుంటే హెడ్మాస్టరు ఆపాడు.

"మధ్యలకెల్లి ఎందుకమ్మా? మొదలుకెల్లి పెట్టుండ్రి. మీ పద్ధతేందో సారుకు సమజ్ కావాలె."

ఆమె ఒక్క క్షణం ఆగింది. మాట ఇచ్చిన సంగతి గుర్తొచ్చిందని నాకు వేలి బరువులోనే తెలిసింది. మూడూ ఒకే మాటే కదా, తండా పిల్లలు విన్నా ఏమవుతుందిలే అనుకుందో, సారు ముందు ఎదురు చెప్పలేకపోయిందో, నొక్కింది. మైకును నా నోటి దగ్గర పెట్టారు.

నేను చెప్పేశాను. ఆగిపోదామని చూశాను. ఎన్నోసార్లు అక్కరలేనప్పుడు టేపు నమిలిన దాన్ని, ఆ రోజు ఒక్క పోగు కూడా నమలలేకపోయాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

తండా పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వంటపాక వైపు తిరిగారు. పాకలో ద్వాళి గరిటె పట్టుకుని నిలబడి ఉంది. మిగతా పిల్లలు, పంతుళ్లు, తనిఖీ సారు, అందరూ చప్పట్లు కొట్టారు. పప్పు మాడిన వాసన వచ్చింది. సారు తన రిపోర్టులో ఇంగ్లీషు బోధన బాగుందని, పప్పు మాడిందని రాసి వెళ్లిపోయాడు.

హంసి ఆ చప్పట్లలోనే వెనక గేటు దాటింది. ఆ సాయంత్రమే మేనత్తతో కలిసి పట్నంలో అపార్టుమెంట్ల పనికి పోయింది. ద్వాళి ఎవరి ఫోనుతోనో చేసినా ఆ పిల్ల లైనులోకి రాలేదు. జరిగిందేమిటో తండా పిల్లలను అడిగి తెలుసుకున్న రోజు, మేడం కొట్టులో నా ముందు కూర్చుని తన చెంపలు తానే వాయించుకుంది.

వారం తర్వాత ద్వాళి వచ్చింది.

"మేడం, నా బిడ్డ దీంతోని మాట్లాడింది గదా. నన్ను గూడ జరసేపు దీని కాడ కూసోనియ్యి."

మేడం క్యాసెట్ రెండో వైపు తిప్పి, ఎర్ర మీట చూపించి, బయటికి పోయింది. ద్వాళి నన్ను ఒళ్లో పెట్టుకుంది. ముందు మెల్లగా, తర్వాత అరుస్తూ, తర్వాత ఏడుస్తూ మాట్లాడి వెళ్లింది. ఆ వానాకాలం కామెర్లు వచ్చి చనిపోయింది. హంసి తల్లి మట్టికి వచ్చి మూడో రోజే వెళ్లిపోయింది, బడి దారి తొక్కలేదు.

ఆ రెండో వైపు మేడాన్ని పట్టుకుని వదల్లేదు. బడి వదిలాక రోజూ వినేది. ఒక్క ముక్క అర్థం కాదు. ఆ అరుపులు విని తల్లి బిడ్డను తిట్టిందనీ, శపించిందనీ వణికేది. నాతోనే అనేది: "తెల్వక ఇనిపిచ్చి ఒక ఇల్లు కూల్చిన. దీని అర్తం తెల్వక హంసికి ఇనిపియ్య. ఇంకొకరి చెవుల కూడా ఎయ్య." పాత టేపు ఇంకో చిత్రం చేస్తుంది. టేపును తాకే నా తల కాస్త పక్కకు జరిగింది కాబట్టి, ద్వాళి మాటల కింద మొదటి వైపు హంసి గొంతు వెనక్కి తిరుగుతూ సన్నగా వినిపిస్తుంది. తండా పిల్లలు అప్పటికి వెళ్లిపోయేవారు; కొట్టు ముందు నుంచి పోయే ఊరి పిల్లలు అది జమ్కి గొంతేనని చెప్పుకుని పరిగెత్తేవారు. నిజం నాకు తెలుసు, అయినా నాకూ భయం వేసేది.

అప్పుడు మేడం ఎవరూ చేయని పని చేసింది. నలభై ఆరేళ్ల వయసులో లంబాడీ మాట నేర్చుకోవడానికి కూర్చుంది. భోజనాల వేళ తండా పిల్లల మధ్య చేరి రోజుకు మూడు మాటలు. పలకలేక తడబడితే పిల్లలు కడుపులు పట్టుకుని నవ్వేవారు. ఆమె చెవులు ఎర్రబడేవి. తరగతిలో గోడకు అతుక్కుపోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసొచ్చింది. అటెండరు జంగయ్య ఊరుకోడు కదా.

"మొక్కై వంగనిది మానై వంగుతదా మేడం?"

"వంగకుంటె ఇరుగుత. నువ్వు పోయి గంట కొట్టు."

మూడేళ్లు పట్టింది. ప్రతి నెలా ద్వాళి మాటల్లో ఇంకొకటి తెలిసేది. మొదట మేక, తర్వాత గుంత, తర్వాత పిలుపు. ఒక రోజు ఒకే చోటికి ఏడుసార్లు వెనక్కి తిప్పి, నా మూత మీద నుదురు ఆనించి గట్టిగా ఏడ్చింది. మర్నాడు తండాలో హంసి ఉన్న చోటు కనుక్కుని, పెద్ద బ్యాటరీలు కొని, నన్ను గుడ్డసంచిలో పెట్టుకుని పట్నం బస్సెక్కింది. దారంతా నా భయం ఒక్కటే. సాగిన బెల్టు, అరిగిన టేపు. కక్కకూడని రోజు కక్కాను, కక్కాల్సిన ఈ రోజు నమిలేస్తే?

రేకుల షెడ్డు ముందు హంసి ఇసుక జల్లెడ పడుతోంది. పదిహేడేళ్లుంటాయి. మేడాన్ని చూసి లోపలికి పోబోయింది. మేడం లంబాడీలో, విరిగిన ముక్కల్లో, క్షమించమంది. హంసి ఆగింది.

"మా మాట నీకెట్లొచ్చె?"

"నేర్సుకున్న. సగమే అచ్చింది. మీ అమ్మ మాట ఇనిపియ్యనీకె అచ్చిన."

నన్ను ఇటుకల మీద పెట్టి నొక్కింది. ఈసారి ఒక్క పోగు నమలలేదు. ద్వాళి మాట్లాడింది.

"హంసీ, జమ్కి మేకపిల్ల కొరకు గుంత దిక్కు పోవుడు నేను జూసిన. పిలిస్తే ఇనపడేటంత దూరమే. పిలిస్తే అది ఎనకకొస్తది, అప్పుడు నిన్ను లేపి పంపాలె. నువ్వు గట్టిగ చదువుతున్నవు, నాకు తెల్వని మాటలు. ఆ సదువు ఆగొద్దని నేనే పిలువలే. ఎవలకు చెప్పలే. నువ్వొక్కదానివే మోస్తున్నవని నాకెర్క లేకుండె. ఎవలడిగినా నేనే పంపిన అని చెప్తా. ఇంటికి రా బిడ్డా." తర్వాత, పొద్దుగూకే వేళ వాకిట్లో నిలబడి పిలిచినట్టు, మూడుసార్లు, "హంసీ" అని అరిచింది. మేడం తిట్లనుకుని మూడేళ్లు వణికింది ఆ పిలుపులకే.

హంసి ఏడవలేదు. ఇసుక చేతులు లంగాకు తుడుచుకుని నన్ను ఎత్తుకుని షెడ్డులోకి పోయి తలుపు దగ్గరగా వేసింది. మేడం బయటే ఉండిపోయింది. తల్లి మాట ముగిసిన చోటు నుంచి టేపు ఇంకా కాస్త మిగిలి ఉంది. హంసి ఎర్ర మీట నొక్కింది. ఈసారి ఆగలేదు, చెప్పింది, తన మాటలో ఒకసారి, తెలుగులో ఒకసారి, చివరికి ఇంగ్లీషులో. మూడుసార్లూ అదే మాట.

మేడం వెళ్తూ నన్ను తిరిగి ఇమ్మని అడగలేదు, హంసి ఇవ్వలేదు. అప్పటి నుంచి హంసి ఇంట్లోనే ఉన్నాను. బెల్టు తెగింది, రేడియో పలకదు. క్యాసెట్ నా కడుపులోనే ఉంది. అప్పుడప్పుడు ఆమె వచ్చి నా మీది దుమ్ము తుడిచి పోతుంది, మీట మాత్రం ముట్టదు. ఆ పిల్ల చివరికి తల్లితో ఏం చెప్పిందని మీరు అడుగుతారని తెలుసు. చెప్పను. ఒకసారి చెప్పి చూశాను కదా. ఇన్నాళ్లకు నా నోట్లో ఒక నువ్వుగింజ నానుతోంది.