మీకు సరిపోతుంది

మా తమ్ముడికి కారు గీయడం వచ్చు, మాట్లాడటం రాదు. ఆ రెండో పని వాడి నెత్తిన పెట్టకుండా ఉంటే ఎంత బాగుండేదో!

మేమిద్దరం ఒకే కార్ల ఫ్యాక్టరీలో ఉన్నాం. నేను కింద సీట్లు కుట్టే విభాగంలో, వాడు పై అంతస్తులో కార్లు గీసే ఇంజనీరు. "అక్క కుట్టాలి, తమ్ముడు గీయాలి, మనం తొయ్యాలి" అని క్యాంటీన్లో మమ్మల్ని ఏడిపించేవాళ్లు.

ఏళ్ల తరబడి వాడిది ఒకటే పట్టు. కరెంటుతో నడిచే చిన్న కారు చెయ్యాలి. నలుగురు ఇరుకు లేకుండా కూర్చోవాలి, ఊళ్లో రోజంతా తిరిగినా చార్జింగు మిగలాలి, మామూలు జీతగాడు కొనగలగాలి. టీవీ అంత తెర పెడదామనీ, పైకప్పుకు అద్దం బిగిద్దామనీ పైవాళ్లు వచ్చినప్పుడల్లా వాడు మొండికేశాడు. ధర పెరుగుతుందని వాడి భయం. చివరికి కారు తయారైంది. పొట్టిగా, గుండ్రంగా ఉందని పనివాళ్లు దానికి బుడంకాయ అని పేరు పెట్టారు. అమ్ముడుపోకపోతే మాత్రం ఆ లైను మూసేస్తామని పైవాళ్లు ముందే చెప్పేశారు.

ప్రకటనలో ఏం రాయాలని అడిగితే, "మీకు సరిపోతుంది" అని రాయమన్నాడు వాడు. మా ఇంట్లో అంతకు మించిన మెచ్చుకోలు లేదు మరి. అమ్మ చొక్కా కుట్టి, వాడికి తొడిగి, భుజాలు సర్ది, "సరిపోయింది" అంటే వాడి మొహం వెలిగిపోయేది. పిచ్చి సన్నాసి, ఆ మాటతోనే ఊరంతా బోర్డులు కట్టించాడు.

ఓ ఆదివారం ఇద్దరం షోరూముకు వెళ్లి, కొనేవాళ్లలాగా ఓ మూల కూర్చున్నాం. బుడంకాయను వెనక గోడ వైపు నెట్టేసి, ముందు ఏనుగంత పెట్రోలు కారును నిలబెట్టారు. ఇంతలో ఓ భార్యాభర్తలు వచ్చారు. ఆవిడ తిన్నగా బుడంకాయ దగ్గరికే వెళ్లి, తలుపు తీసి కూర్చుంది.

"హాయిగా ఉందండీ. ఇదైతే నేను కూడా నడపగలను" అంది.

మా తమ్ముడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

సేల్స్‌మన్ పరుగున వచ్చాడు. పెద్ద కారు అమ్మితే వచ్చే కమీషన్లో పావు వంతు కూడా దీనికి రాదు అతనికి. "ఇది మీకు సరిపోతుంది సార్" అన్నాడు పెదవి విరుస్తూ.

భర్త మొహం మాడిపోయింది. "సరిపోతుందేంటయ్యా? మమ్మల్ని చూస్తే ఎలా కనపడుతున్నాం? మేమేమన్నా తక్కువ తిన్నామా?"

"అది కాదండీ, కారు బాగుంది కదా..." అంది భార్య.

"నువ్వుండు. మా తోడల్లుడు చూశాడంటే, నీకిదే సరిపోయిందిలే అని జన్మంతా నవ్వుతాడు. అయినా మనముండేది మూడో అంతస్తు. చార్జింగెక్కడ పెడతావ్, కిటికీలోంచి వైరు వేలాడేస్తావా?"

ఆ చివరి ప్రశ్న మాత్రం న్యాయమైనదే. కారు చెయ్యడం వాడి చేతిలో పని. వీధివీధికీ చార్జింగు పెట్టడం ఎవరి చేతిలో ఉందో నాకిప్పటికీ తెలీదు. వాళ్లు పెద్ద కారునే వాయిదాల మీద తీసుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఆవిడ మాత్రం ఓసారి వెనక్కి చూసింది.

"అక్కా, నేను కొలత గురించి అన్నాను. వాళ్లకి స్థాయి గురించి అన్నట్టు వినపడింది" అన్నాడు వాడు బయటికొచ్చాక.

"నీ మాటేం పాపం చేసిందిరా! అమ్మేవాడికి అమ్మాలని లేదు, కొనేవాడికి పక్కవాడి కళ్లు కావాలి" అన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాత బోర్డుల మీద మాట మార్చారు. ఏం లాభం, చేతులు కాలాక! వేలెడంత కారులో మిగిలేదీ వేలెడంతేననీ, అవే బ్యాటరీలు పెద్ద కారులో పెడితే లాభమనీ పైవాళ్లు తేల్చేసి, లైను మూసేశారు. వాడికి జీతం పెంచి, పెద్ద కరెంటు కారు గీయమన్నారు. మిగిలిన బుడంకాయల్ని వెనక ఆవరణలో తుక్కుకు వరసగా నిలబెట్టారు. కాసిని బళ్ల కోసం విడిభాగాలు చేస్తూ కూర్చోవడం దండగట.

తుక్కు లారీలు వచ్చిన రోజు మధ్యాహ్నం, మేమిద్దరం ఆ ఆవరణ గేటు దగ్గర ఉన్నాం. భుజాన సంచితో ఒకావిడ వచ్చింది. మంచం పట్టిన వాళ్లకు ఇంటింటికీ వెళ్లి సేవ చేసే నర్సట.

"బోర్డు మీద చూసి షోరూంలో అడిగితే అలాంటి కారే లేదన్నారు బాబూ. ఇక్కడేమో ఇన్ని ఉన్నాయే!" అంది సంబరంగా. "ఒక్కసారి కూర్చుని చూడొచ్చా?"

వాడు ఒకదాని తలుపు తీశాడు. ఆవిడ కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుంది, స్టీరింగు మీద చేతులు పెట్టింది, అద్దంలో చూసుకుని నవ్వింది.

"అచ్చం నాకోసం చేసినట్టుంది. ఎంతకిస్తారు?"

వాడు నా వైపు చూశాడు. నేనే చెప్పాల్సి వచ్చింది. "ఇవి అమ్మేవి కావమ్మా."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. నన్ను చూసి, వాణ్ని చూసి, తన చెప్పుల వైపు చూసుకుంది. "డబ్బుంది బాబూ. ఎప్పట్నుంచో దాచుకుంటున్నా. నన్ను చూసి లేదనుకుంటున్నారేమో."

"అయ్యో, అందుక్కాదమ్మా" అన్నాడు వాడు. కంపెనీ రద్దు చేసిందనీ, ఇక వీటికి రోడ్డెక్కే అనుమతి రాదనీ తడబడుతూ ఏదేదో చెప్పాడు. మాట్లాడటం రాదని చెప్పానుగా. ఆవిడ అన్నిటికీ తల ఊపింది గానీ, ఒక్కటీ నమ్మలేదు.

కిందికి దిగి, తను కూర్చున్న చోటును అరచేత్తో తుడిచింది. దుమ్మేమైనా అంటిందేమోనని వంగి చూసి, మళ్లీ తుడిచింది.

"ఏమనుకోకు బాబూ" అని చెప్పి వెళ్లిపోయింది. వాడు ఆ బుడంకాయ తలుపు పట్టుకుని, లారీల వాళ్లందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు.