మూడో వరుసలో ప్రశ్న

పెద్దాయన ఉపన్యాసానికి నేను వెళ్లింది జ్ఞానం కోసం కాదు. అది ఇంట్లో మా ఆయన రోజూ వడ్డిస్తూనే ఉంటారు. గ్యాస్ అయిపోయింది, కాస్త ఫోన్ చేయండి అంటే, "ముందు అవసరం అంటే ఏమిటో ఆలోచించాలి" అంటారు. ఆ మాట పెద్దాయనది, అంటే ఆ పేరుమోసిన తత్వవేత్తది. ఆయన పుస్తకాలు చదివినవాళ్లందరికీ ఈ జబ్బు ఉందో, లైబ్రరీలో పనిచేసే మా ఆయనకే ముదిరిందో నాకు తెలియదు. ఫోన్ మాత్రం నేనే చేస్తాను.

నేను వెళ్లింది మా చెల్లి కోసం. తను బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. అక్కడ ఒక్కో మిషన్ల లైనుకు ఒకే ఒక్క ప్లాస్టిక్ టోకెన్. అది మెడలో వేసుకున్నామెకే బాత్రూమ్‌కి వెళ్లే హక్కు. ఆమె తిరిగొచ్చేదాకా మిగతావాళ్లంతా బిగబట్టుకుని కుట్టాలి. కడుపుతో ఉన్న ఓ పిల్ల కుర్చీలోనే బట్టలు తడుపుకుని ఏడ్చిన రోజున, మా చెల్లి ఆ టోకెన్‌ని బాత్రూమ్‌లోనే పడేసి నీళ్లు వదిలేసింది. మర్నాటి నుంచి తననూ, తనకు వత్తాసు పలికిన నలుగురినీ గేటు దాటనివ్వడం లేదు. సోమవారం పొద్దున వాళ్ల చోట్లో కొత్తవాళ్లను తీసుకుంటారట.

"పెద్దాయన ఒక్కసారి వచ్చి గేటు ముందు నిలబడితే చాలక్కా. ఆయన వెనకాలే పేపర్లవాళ్లు వస్తారు. మేనేజరే పరిగెత్తుకొస్తాడు" అంది చెల్లి.

ఉపన్యాసం మా ఊళ్లోనే, ఆదివారం ఉదయం. విషయం స్వేచ్ఛ.

ఆ సభల్లో ఒక పద్ధతుంది. ప్రశ్నలు అడిగేవాళ్లను ముందే ఎంచి మూడో వరుసలో కూర్చోబెడతారు. ఏం అడగాలో కూడా పెద్దాయనే చెప్పి పంపిస్తారు. జవాబులు ఆయన దగ్గర అదే వరుసలో తయారుగా ఉంటాయి. ఈసారి మొదటి ప్రశ్న మా ఆయనకు దక్కింది. "స్వేచ్ఛకూ సమానత్వానికీ మధ్య వైరుధ్యం ఉందా?" అని రోజూ అద్దం ముందు సాధన చేశారు. గడ్డం గీసుకుంటూ 'వైరుధ్యం' దగ్గర ఒకసారి చెంప తెగ్గోసుకున్నారు కూడా.

"బావా, మైకు మీ చేతికే వస్తుంది కదా. దాని బదులు మా గేటు సంగతి అడగండి" అని చెల్లి బతిమాలింది. నేను చూసిన చూపుకు మా ఆయన చివరికి సరేనన్నారు.

హాలు చల్లగా, కుర్చీలు మెత్తగా ఉన్నాయి. పెద్దాయన మాట మధ్యలో ఆగి పైకప్పు చూస్తే జనం ఊపిరి బిగబట్టారు. దగ్గితే తలలూపారు. స్వేచ్ఛ అనేది మనం దగ్గరికి వెళ్లేకొద్దీ వెనక్కి జరుగుతుందట. బాత్రూమ్ కూడా అంతే కాబోలు అనుకున్నాను. నా పక్కనున్న కాలేజీ మేష్టరు కళ్లు మూసుకుని "అబ్బ!" అంటుంటే ఒళ్లు మండింది. వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి అని ఊరికే అన్నారా!

మైకు మా ఆయన చేతికొచ్చింది.

"అయ్యా, ఈ వీధి చివర బట్టల ఫ్యాక్టరీలో, బాత్రూమ్ దగ్గర జరిగే అన్యాయం సహించలేదని ఐదుగురు ఆడవాళ్లను గెంటేశారు. రేపు పొద్దున మీరు గేటు దగ్గర వాళ్లతో నిలబడతారా?"

ఒక్క మాటా మింగకుండా మొత్తం అడిగారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన్ని చూసి నేను గర్వపడింది అప్పుడే. ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు.

పెద్దాయన చిరునవ్వు నవ్వారు. "చాలా మౌలికమైన ప్రశ్న. మీరు రెండు పదాలు వాడారు. నేను ఆ రెండింటి గురించీ మాట్లాడను. ముందు 'మధ్య' అంటే ఏమిటో ఆలోచించాలి..."

ఆయన అసలు విననే లేదు. మొదటి ప్రశ్న వచ్చింది కాబట్టి మొదటి జవాబు చెప్పేశారు. ఎవరైనా నవ్వుతారేమోనని హాలంతా చూశాను. అందరూ చప్పట్లు కొట్టారు. మేష్టరైతే లేచి నిలబడి మరీ కొట్టాడు.

"వస్తారా, రారా?" అని నాకు ఇటుపక్క కూర్చున్న చెల్లి గట్టిగా అరిచింది.

"ష్, కూర్చోమ్మా. అదే కదా చెబుతున్నారు" అన్నాడు మేష్టరు. మైకు రెండో ప్రశ్నకు వెళ్లిపోయింది.

బయటికొచ్చాక మా ఆయన మొహం వెలిగిపోతోంది. "విన్నావా? మన ఫ్యాక్టరీ సంగతిని ఎంత లోతుకు తీసుకెళ్లారో!"

"ఆయన చెప్పింది మీరు అడగని ప్రశ్నకండీ."

"అదే గొప్పతనం. మనం అడగాల్సిందేమిటో ఆయనకే తెలుసు."

"పోనీ రేపు మీరైనా వస్తారా బావా?" అంది చెల్లి.

"రేపు పొద్దున్నే ఆయన్ని రైలెక్కించాలి కదమ్మా."

చెల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. పుస్తకాలు చదివి మనిషి ఇంత మొద్దుబారిపోతాడా అని నాకు అసహ్యం వేసింది.

సోమవారం ఇంటికి తాళం వేసి వెళ్లి చెల్లి పక్కన నిలబడ్డాను. మేనేజరు కిటికీలోంచి మా వెనకాల రోడ్డంతా వెతికాడు. ఎవరూ లేరని తేలాక కిటికీ మూసుకున్నాడు. కొత్తగా చేరడానికి వచ్చినవాళ్లను చెల్లి చెయ్యి పట్టుకుని ఆపి టోకెన్ సంగతి చెబుతోంది. చాలామంది తల దించుకుని లోపలికి వెళ్లిపోయారు. ఇద్దరు మాత్రం మా పక్కన ఆగారు.

అంతలో ఫోన్ మోగింది. మా ఆయన.

"ఇంటికి తాళం వేసుంది. లైబ్రరీకి టైమైపోతోంది. తాళంచెవి ఎక్కడ?"

"గేటు దగ్గరుంది. వచ్చి తీసుకోండి."

"ఏ గేటు?"

"ముందు అదేమిటో ఆలోచించండి" అని ఫోన్ పెట్టేశాను.