ఫ్యాను లేని గది

"డాక్టరమ్మ ఏం చెప్పింది? నువ్వు ప్రశాంతంగా ఉండాలంది కదా!" అని కొట్లోంచి భర్త నిరంజన్ గట్టిగా అరిచాడు. సత్యలక్ష్మి అప్పుడు మిక్సీలో పంచదార పొడి కొడుతోంది. ముందు గదిలో అత్తగారి టీవీ, నెత్తిమీద ఫ్యాను, రోడ్డు మీద లారీల హారన్లు, పూతరేకుల డబ్బాలకు వేసే టేపు చర్రుమని లాగుతున్న చప్పుడు, అన్నీ ఒక్కసారే వినిపిస్తున్నాయి. ఆమెకు ఎప్పుడూ అన్నీ ఒక్కసారే వినిపిస్తాయి. ఆ రోజు ఏడేళ్ల కూతురు చిన్ని వచ్చి కొంగు పట్టుకుని లాగింది. మళ్లీ లాగింది. సత్యలక్ష్మి చెయ్యి తనకు తెలియకుండానే లేచి పిల్ల చెంపమీద పడింది.

ప్రశాంతంగా ఉండడం కూడా ఇంటి పనుల్లో ఒకటై నెల దాటింది. చిన్నికి ఆటిజం, దాంతోపాటు ఏడీహెచ్‌డీ ఉన్నాయని రాజమండ్రిలో డాక్టరమ్మ చెప్పింది. పిల్ల మొండిది కాదమ్మా, లోకంలోని చప్పుళ్లూ వెలుగులూ వడపోత లేకుండా దాని నరాల మీద పడుతున్నాయి, కుదురుకోవడానికి ఒక నిశ్శబ్దమైన మూల, చేతులకు ఒకే తీరుగా సాగే పని కావాలి అంది. ముందు మీరు కుదురుగా ఉంటేనే పాప కుదురుకుంటుంది అని కూడా అంది. అంతకుముందు ఆవిడ బోలెడు ప్రశ్నలు వేసింది. బట్టల కుట్లు ఒంటికి గుచ్చుకుంటాయా? చేస్తున్న పని మధ్యలో మరిచిపోతుందా? నలుగురిలో ఉండి వచ్చాక ఒంట్లో సత్తువంతా పోతుందా? చిన్ని తరఫున అవునంటున్న ప్రతిసారీ సత్యలక్ష్మి తన తరఫున కూడా మనసులో అవుననుకుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో భర్తతో, ఆవిడ అడిగినవన్నీ నాకూ ఉన్నాయండి అంది. నిరంజన్ నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. "ఇంటికి ఒకరు సరిపోరా ఏంటి? నీకు ధ్యాస తక్కువ, అంతే." అత్తగారైతే పెళ్లైన కొత్తలోనే ఆమెకు పరధ్యానం మహాలక్ష్మి అని పేరు పెట్టి, వచ్చినవాళ్లందరికీ అలాగే పరిచయం చేసేది. అందరూ నవ్వేవాళ్లు. ఆమే అందరికంటే ముందు నవ్వడం నేర్చుకుంది.

చెంపదెబ్బ తిన్న చిన్ని ఏడవలేదు. పెరట్లో రేకులు తీసే గదిలోకి పరుగెత్తింది. ఆ గదిలో ఫ్యాను ఉండదు. గాలి తగిలితే పల్చటి రేకు ఎగిరి చిరిగిపోతుంది కనక తలుపు దగ్గరగా వేసే ఉంచుతారు. పొయ్యి వేడికి, పొగకు భయపడి ఆ గుమ్మం ఎవరూ తొక్కరు, రేకులు తీసే పనిమనిషి వీరదుర్గ తప్ప. బతిమాలుకోవడానికి వెనకే వెళ్లిన సత్యలక్ష్మికి, పిల్ల గోడకు ఆనుకుని, చెవుల మీంచి చేతులు తీసేసి, కుండకేసి చూస్తూ కనిపించింది. కాస్త కుండ చూస్తారా అమ్మగారూ, రెండు మెతుకులు తినొస్తాను అని వీరదుర్గ లేచింది.

సత్యలక్ష్మికి అది పుట్టింట్లో చిన్నప్పటి నుంచీ చేసిన పనే. షావుకారింటి కోడలు కుండ ముందు కూర్చుంటే ఊరేమనుకుంటుందని అత్తగారు మాన్పించింది. సత్యలక్ష్మి పల్చటి పిండినీళ్లలో గుడ్డ ముంచింది, బోర్లించిన కుండ మీద పరిచి లాగింది. సుయ్యిమంది. రేకు లేచింది. మళ్లీ ముంచింది, మళ్లీ లాగింది. ఒకటే చప్పుడు. చెమట ధారగా కారుతోంది, భుజాలు మాత్రం దిగుతున్నాయి. ఇన్నేళ్లూ అవి బిగుసుకుని ఉన్నాయని దిగుతుంటేనే తెలిసింది. చిన్ని వచ్చి తన బరువంతా తల్లి వీపు మీద ఆనించింది. సత్యలక్ష్మికి ఏడుపొచ్చింది.

ఆ తర్వాత రోజూ వీరదుర్గ భోజనం వేళకు తల్లీ కూతుళ్లిద్దరూ ఆ గదిలో చేరేవారు. ఆ కాసేపటి కోసమే ఆమె మిగతా రోజంతా ఈడ్చుకొచ్చేది.

ఒక మధ్యాహ్నం నిరంజన్ చూశాడు. కోప్పడలేదు. ఇంత బాగా తీస్తావని చెప్పవేంటి అని సంబరపడ్డాడు. వారం తిరక్కుండా కుండ కొట్టు ముందుకొచ్చింది. మూడు పెద్ద లైట్లు, పైన బోర్డు, రేకుకు తగలకుండా వెనకాల ఫ్యాను, అన్నీ అమర్చాడు. ఓనరుగారి ఇల్లాలే స్వయంగా తీస్తుంటే జనం విరగబడతారట. ఊరేమనుకుంటుందో అన్న అత్తగారికి ఇప్పుడు ఊరంతా చూస్తే చాలు. పెరటి గదిలో అట్టపెట్టెలు సర్దారు. నాకు ఆ గది కావాలండి అని సత్యలక్ష్మి అడిగింది. "గదిదేముంది? కుండ అదే కదా. నీకిష్టమైన పనే కదా." ఆయన నిజంగా ఆమెకు మేలు చేశాననే అనుకున్నాడు.

ఆదివారం టూరిస్టు బస్సులు ఆగాయి. ముఖంలో ముఖం పెట్టినట్టు ఫోన్లు. ఇటు చూసి నవ్వండి మేడమ్. లారీ వెళ్లినప్పుడల్లా రేకు చిరుగుతోంది. చిన్ని బల్లకింద చెవులు మూసుకుని కూర్చుంది. భరించలేనప్పుడు అరచెయ్యి చూపించి చాలు అనమని డాక్టరమ్మ పిల్లకు నేర్పింది. చిన్ని అలా అంటే ఇంట్లో టీవీ ఆగుతుంది, మిక్సీ ఆగుతుంది, అత్తగారి పూజగంట కూడా ఆగుతుంది. సత్యలక్ష్మి అరచెయ్యి పైకెత్తింది.

"చాలు" అంది.

ఫోన్లు ఇంకా దగ్గరకొచ్చాయి. ఇంకొక్కటి తియ్యి, ఇంకొక్కటే అన్నాడు నిరంజన్. బల్లకింద నుంచి చిన్ని పాక్కుంటూ వచ్చింది. తన చెవుల మీంచి చేతులు తీసి తల్లి చెవుల మీద పెట్టింది.

సత్యలక్ష్మి గుడ్డను పిండిలోనే వదిలేసి లేచింది. పిల్లను ఎత్తుకుని పెరటి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. అట్టపెట్టెల మధ్య కుండ ఉండిన చోట మసి మరక మిగిలింది. దాని ముందు కూర్చుంది. లేని గుడ్డను ముంచుతూ, లేని కుండ మీద లాగుతూ చేతులు వాటంతటవే ఆడుతున్నాయి. ఎంతసేపు ఆడినా భుజాలు దిగలేదు.

నిరంజన్ వచ్చి తలుపు తట్టాడు.

"ఏమైంది? చిన్నికి బాగోలేదా?"

"చిన్నికి కాదండి. నాకు."

అడుగులు కొట్టువైపు వెళ్లాయి.

"ఏమీ అనుకోకండి, పాపకి ఒంట్లో బాగోలేదండి" అని నిరంజన్ జనంతో చెప్పడం వినిపించింది.

సత్యలక్ష్మి గడియ తియ్యలేదు.